సలహాకు చట్టబలము కావలెను

భారతకథ వినినవారెల్లరు విదురుని ఎరుగుదురు. నిదురపట్టని రాత్రి ధృతరాష్ట్రుడు ఆయనను పిలిపించి హితము చెప్పుమనెను. విదురుడు తెల్లవార్లు చెప్పెను. రాజు శ్రద్ధగనే వినెను, మెచ్చుకొనెను. కాని తెల్లవారిన పిమ్మట చేయవలసినదానిని చేయలేదు. ఏల చేయలేదని అడుగుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఆ హితవాక్యములు రాజమందిరము గోడలు దాటి ప్రజల చెవిని పడను లేదు. కురుకులమునకు కొదువయైనది సలహా కాదు. సలహా వినినవాడు దానికి సమాధానము చెప్పి తీరవలెనను కట్టుబాటు కొదువయైనది. నేడు మన దేశమున శీతోష్ణస్థితి మార్పును గూర్చిన రాజ్యవిధానము సరిగా ఈ స్థితియందే యున్నదని మా అభిప్రాయము.

విషయమును ముందుగ స్పష్టపరచెదము. బొగ్గు, పెట్రోలు, డీసిలు, సహజవాయువు మండించినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇది ఆకాశమున దుప్పటివలె నిలిచి భూమి వేడిని బయటకు పోనీయక పట్టియుంచును. 1896లోనే స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు స్వాంటె అర్హీనియస్ దీనిని లెక్కకట్టి చూపెను. 1958లో హవాయి ద్వీపమున మౌనాలోవా పర్వతముపై ఈ వాయువును నిత్యము కొలుచుట ఆరంభమైనది. నాడు గాలియందు పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుండినది, నేడు 420 దాటినది. యంత్రయుగమునకు పూర్వపు సగటుకంటె 2024వ సంవత్సరము సుమారు ఒకటిన్నర డిగ్రీలు వేడిగా నుండెనని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. ఇది వాదోపవాదములకు తావిచ్చు విషయముగా ఇక మిగిలియుండలేదు.

ఇది దూరదేశపు వార్తయు కాదు. 2015 వేసవియందు దేశమున రెండువేలమందికి పైగా వడదెబ్బచే మరణించినట్లు లెక్కకు వచ్చినది. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారే. చనిపోయిన వారెవరు? పొలమున కూలికి పోయినవారు, రాళ్లు కొట్టినవారు, కప్పుక్రింద చల్లగా కూర్చుండు భాగ్యము లేని ముదుసళ్లు. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలు దినముల తరబడి నీట మునిగినవి. కాకినాడ కడనున్న ఉప్పాడ తీరమును కడలి కోసివేయుచుండ బెస్తవారి ఇండ్లు వరుసలు వరుసలుగా నీటిపాలైనవి. ప్రతి విపత్తునకును శీతోష్ణస్థితి యొక్కటే కారణమని మేము చెప్పము. బుడమేటి గట్లు తెగుటకు నిర్లక్ష్యమును, ఆక్రమణలును తోడైనవి. ఉప్పాడ కోతకు తీరమున వెలసిన కట్టడములును కొంత కారణము. కాని మనము చేసిన తప్పులకు పెరుగు వేడి వడ్డీ కట్టించుకొనుచున్నదని మాత్రము చెప్పకతప్పదు.

ముందుచూపు ప్రాణములను నిలుపునని మనకు తెలియనిదియు కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందియైన మృతినొందిరి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను మహావేగముతో గోపాలపురము వద్ద తీరము దాటినది. కాని ముందుగనే ఒడిశా, ఆంధ్ర తీరములనుండి లక్షలాది జనమును తరలించినందున మృతుల సంఖ్య పదులలో నిలిచినది. అహమ్మదాబాదు నగరమున 2010 మే మాసపు వేడికి సుమారు 1300 మంది అధికముగా చనిపోగా, నగరపాలకులు 2013లో వేసవి కార్యప్రణాళిక నొకదానిని ఏర్పరచిరి. ఎండ ముదురక మునుపే హెచ్చరిక, ఆసుపత్రులయందు సన్నాహము, కూలీలకు నీరు, నీడ, పనివేళల మార్పు అందులోని అంశములు. తెలంగాణ ప్రభుత్వము 2025లో వడదెబ్బను రాష్ట్రవిపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబములకు నాలుగు లక్షల రూపాయల సాయము నిర్ణయించినది. ఇవి మెచ్చదగినవి. కాని ఒక్కొక్క ఊరు తన పీనుగులను లెక్కపెట్టుకొనిన పిదపనే మేల్కొనవలెనా? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట దేశనీతిగా ఎంతకాలము సాగును?

రాజ్యము చేయవలసిన పని రెండు పాయలు. మొదటిది పొగను తగ్గించుట. రెండవది, ఇప్పటికే తప్పనిదైన మార్పును తట్టుకొనుట. ఈ రెండింటిని వేర్వేరు శాఖలకు పంచియిచ్చి, ఒకరిమాట ఒకరు వినకుండ చేసినయెడల ఏమగునో ఒక్క ఉదాహరణముచే తెలియును. రాయలసీమ రైతు బోరుబావికి సూర్యశక్తితో నడచు పంపు నిచ్చితిమనుకొందము. బొగ్గు కరెంటు మిగులును, పొగ తగ్గును, విద్యుచ్ఛాఖ సంతోషించును. కాని పగలంతయు ఖర్చులేక నడచు పంపు భూగర్భజలమును మరింత లోతునకు దింపవచ్చును. అనావృష్టి నాడు ఆ రైతునకు మిగులునది ఎండిన గొట్టమే. పంపుతోపాటు తక్కువ నీటి పైరు, బిందుసేద్యము, చెరువు మరమ్మతు, మిగిలిన కరెంటును కొనువారు, అన్నియు కలసినగాని అది మేలు కాదు. రెండు పాయలను ఒక్క కంటితో చూచి చెప్పగల సలహాసంఘము కావలెననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక మన కేంద్రప్రభుత్వము ఏమియు చేయలేదని అనుట అన్యాయము. 2008 జూన్ 30న ఎనిమిది ఉద్యమములతో జాతీయ కార్యప్రణాళిక వెలువడినది. 2015లో పారిస్ ఒడంబడిక సందర్భమున భారతదేశము తన మాట ఇచ్చినది. 2021లో గ్లాస్గో నగరమున, 2070 నాటికి నికరశూన్యస్థితికి, అనగా విడిచినంత వాయువును అడవులు మొదలగువానిచే తిరిగి గ్రహింపజేయు స్థితికి చేరుదుమని ప్రధానమంత్రి లోకమున ప్రకటించిరి. 2022 ఆగస్టులో ఆ మాటను మరింత బిగించి, జాతీయాదాయములో ప్రతి రూపాయకు వెలువడు వాయువును 2005తో పోల్చి 2030 నాటికి నూటికి 45 పాళ్లు తగ్గింతుమనియు, విద్యుచ్ఛక్తి సామర్థ్యములో సగము బొగ్గు, నూనె, వాయువులు కాని మూలములనుండి సమకూర్తుమనియు చెప్పిరి. ఈ రెండవ గురి 2025 నడుమనే, అయిదేండ్లు ముందుగా అందినది. సూర్యఫలకములను ఇంత వేగముగ నిలిపిన దేశమును మెచ్చనివారుండరు.

అయినను సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. ఇంటిలో పది చెంబులున్నంత మాత్రమున పది చెంబుల పాలున్నట్లు కాదు గదా! సూర్యుడు రాత్రి ఉండడు; గాలి ఎల్లప్పుడు వీచదు. 2024లో మన దేశమున పుట్టిన విద్యుత్తులో నూటికి 70 పాళ్లకు పైగా బొగ్గునుండియే వచ్చినది. ఈ భేదమును ప్రజలకు విడమరచి చెప్పువారెవరు? మంత్రులు సామర్థ్యపు లెక్క చెప్పుదురు. విమర్శకులు ఉత్పత్తి లెక్క చెప్పుదురు. రెండును నిజములే. ఏ పక్షమునకు చెందక, రెండు లెక్కలను ప్రక్కప్రక్కనుంచి, ఇచ్చటినుండి అచ్చటికి పోవు త్రోవ యిది, వ్యయమింత, నష్టపడువారు వీరు అని ఏటేట చెప్పు సంస్థ మనకు లేదు.

సలహాదారులే లేరా యని అడుగవచ్చును. ఉన్నారు. 2007లో ప్రధానమంత్రి అధ్యక్షతన ఒక మండలి ఏర్పడినది. అది చట్టముచే పుట్టినది కాదు. అది చెప్పినదానిని పార్లమెంటు ముందుంచవలెనను నియమమును లేదు. 2020లో పారిస్ ఒడంబడిక అమలునకై వివిధ మంత్రిత్వశాఖల ఉన్నతాధికారులతో ఒక కమిటీని నియమించిరి. అధికారులు సమర్థులే కావచ్చును. కాని ప్రభుత్వోద్యోగి ప్రభుత్వమునకు రహస్యముగ సలహా చెప్పును, బహిరంగముగ సమర్థించును. అది అతని ధర్మము. తప్పు జరిగినచో తప్పని ప్రజల ఎదుట చెప్పుట అతనికి సాధ్యము కాదు. ఇది ఇట్లుండ, 2070వ సంవత్సరమున ఈ వాగ్దానమునకు జవాబు చెప్పవలసినవారు నేటి మంత్రిమండలిలో ఒక్కరైన పదవియందుండరు. గురి యాబదియేండ్ల దూరమున నుండి, నడుమ మైలురాళ్లు లేని బాటలో ఎవరు వెనుకబడిరో ఎట్లు తెలియును?

ఈ చిక్కును విప్పుటకు ఇంగ్లండు చేసిన యత్నమును మనవారు ఎరిగియుండుట మంచిది. 2008లో ఆ దేశపు పార్లమెంటు శీతోష్ణస్థితి చట్టము చేసినది. 1990 నాటితో పోల్చి 2050 నాటికి పొగను నూటికి 80 పాళ్లు తగ్గించుట మొదటి గురి. 2019లో దానిని నికరశూన్యమునకు పెంచిరి. ఆ చట్టమున గురికంటె ముఖ్యమైనవి మూడు. ఒకటి, అయిదేసి యేండ్లకొక హద్దును పార్లమెంటు ముందుగనే నిర్ణయించును. రెండు, ప్రభుత్వమునకు లోబడని నిపుణసంఘమొకటి ఆ హద్దును సూచించి, పురోగతిని కొలిచి, రిపోర్టును పార్లమెంటు ముందుంచును. మూడు, ప్రభుత్వము ఆ రిపోర్టునకు ప్రత్యుత్తర మీయకతప్పదు. సూచించిన హద్దును కాదన్నచో కారణము చెప్పవలెను. వినకుండుటకు స్వేచ్ఛ గలదు. మౌనముగ నుండుటకు లేదు.

ఫలమేమి? లోకమున బొగ్గుతో తొలుత యంత్రములు నడిపిన ఆ దేశమున, 2008లో విద్యుత్తునందు సుమారు మూడవవంతు బొగ్గుదై యుండగా, 2024 సెప్టెంబరు 30న కట్టకడపటి బొగ్గు విద్యుత్కేంద్రము మూతపడినది. ఇదంతయు ఒక్క సంఘము మహిమ యని మేము అనము. పన్నులు, సముద్రపు గాలిమరలు, చవుకయైన సహజవాయువు, అన్నియు తోడ్పడినవి. కాని సర్కారులు మారినను త్రోవ తప్పకుండుటకు చట్టము ఆధారమైనది. 2022 జూలైలోను, మరల 2024 మేలోను, ప్రభుత్వపు ప్రణాళిక చట్టమునకు చాలదని లండను హైకోర్టు తీర్పు చెప్పినది. పౌరులు న్యాయస్థానము తలుపు తట్టుటకు చట్టమే త్రోవ చూపినది.

లోపములు లేవా? గలవు. పొగ తగ్గించుటలో చూపిన పట్టుదల, మార్పును తట్టుకొను సన్నాహమున అచ్చట లేదని ఆ సంఘమే పదేపదే మందలించినది. 2022 జూలైలో ఇంగ్లండున వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ మందలింపు ఎంత నిజమో తేలినది. మరియు 2025లో కన్సర్వేటివు పక్షమువారు అధికారమునకు వచ్చినయెడల ఆ చట్టమునే రద్దుచేయుదుమని ప్రకటించిరి. కావున చట్టముకూడ శాశ్వతమైన కోట కాదు. దాని వెనుక ప్రజాభిప్రాయము కావలి కాయవలయును. మనము నేర్వవలసిన పాఠములు రెండు: తట్టుకొను సన్నాహమునకు తగ్గించుటతో సమానమైన స్థానమిచ్చుట, చట్టముతోపాటు ప్రజలను సిద్ధపరచుట.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. ఆకాశమును మొదట మసిచేసినవారు వారు; మనకు వారు ఆదర్శమా? ఈ కోపము న్యాయమైనదే. భారతీయుడొకడు ఏడాదికి సగటున విడుచు బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు. అమెరికనుడు విడుచునది సుమారు పదునాలుగు. బాకీ ఎవరిదో లోకమునకు తెలియును. ఆ బాకీని గట్టిగ అడిగి వసూలుచేయుట మన ప్రతినిధుల విధి. కాని పొరుగువాడు బాకీ తీర్చలేదని మన ఇంటి కప్పును మనము నేయించుకొనకుందుమా? ఎండదెబ్బ తగులునది మన కూలికి. ఉప్పెన వచ్చునది మన తీరమునకు. పైగా ధనికదేశములతో వాదించునప్పుడు మన చేతియందు నిష్పాక్షికమైన, బహిరంగమైన, ఏటేట సరిచూచిన లెక్క యున్నచో మన వాదమునకే బలము. మనవలె బొగ్గుపై ఆధారపడి, మనవలెనే దారిద్ర్యముతో పోరాడు దక్షిణాఫ్రికా 2020లో అధ్యక్షుని శీతోష్ణస్థితి సంఘమును ఏర్పరచి, 2024లో చేసిన చట్టమున దానికి స్థానము కల్పించినది. ఆ సంఘమున వ్యాపారులతోపాటు కార్మికసంఘములకును తావు గలదు.

అసలు ఈ పద్ధతికై మనము సముద్రములు దాటి పోనక్కరలేదు. మన రాజ్యాంగమునందే ఇది యున్నది. 280వ అధికరణము క్రింద ఆర్థికసంఘము ఏర్పడును. 281వ అధికరణము ప్రకారము, ఆ సంఘపు సిఫారసులను, వానిపై తీసికొనిన చర్యను వివరించు పత్రముతోసహా పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచవలయును. రూపాయల పంపకమునకు మన రాజ్యాంగకర్తలు విధించిన ఈ మర్యాద, నీటికి, ఎండకు, పంటకు, ప్రాణమునకు సంబంధించిన సలహాకు ఏల వర్తింపరాదు?

చట్టబలములేని సలహా ఏమగునో మన చరిత్రయే చెప్పును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాత కరవు పిమ్మట ఆంగ్లప్రభుత్వము కరవు సంఘమును నియమించినది. 1880లో ఆ సంఘము రిపోర్టు నిచ్చినది. దాని పర్యవసానముగ కరవు నిబంధనలు పుట్టినవి. కరవు సూచనలు కనబడగనే పనులు తెరువవలెను, అశక్తులకు అన్నము పెట్టవలెను అని వానియందున్నది. కాని 1943లో వంగదేశమున లక్షలాది జనము వీథులలో ప్రాణములు విడుచుచుండగా, పాలకులు కరవు వచ్చినదని ప్రకటింపనేలేదు. ప్రకటించినచో నిబంధనల ప్రకారము తిండి పెట్టవలసివచ్చును గదా! నిబంధన కాగితముపై నుండెను. దానిని అమలుజరుపుమని నిలదీయు శాసనసభ స్వతంత్రమై యుండలేదు. నేడు సభలు మనవి. సభకు జవాబు చెప్పవలసిన పనిలేని సలహాసంఘముతో మనము తృప్తిపడినచో, స్వరాజ్యము వచ్చియు ఆ పాఠము నేర్వనివారమగుదుము.

నిపుణులు ప్రజాప్రతినిధుల నెత్తినెక్కుదురని మరికొందరి భయము. మేము కోరునది నిపుణుల పాలన కాదు. వైద్యుడు రోగము చెప్పును. మందు మ్రింగుట రోగి ఇష్టము. సంఘము సలహా చెప్పును, పార్లమెంటు నిర్ణయించును, కాదన్నచో కారణము చెప్పును. ఆ కారణము సరియైనదో కాదో ఓటరు తేల్చును. ఇందు ప్రజాస్వామ్యము క్షీణించునది లేదు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బరువైనది. బొగ్గు మానుమన్నచో కొత్తగూడెము, రామగుండము, మందమర్రి బ్రతుకులేమగును? తరములుగ సింగరేణి గనులు వేలాది కుటుంబములకు అన్నము పెట్టినవి. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పని శీతోష్ణవిధానము న్యాయము కాజాలదు. కాని సలహాసంఘము లేనందున గనికార్మికునకు లాభమా? గని ఏనాడు మూతపడునో, బదులు పని యేదో, శిక్షణ వ్యయము ఎవరిదో ముందుగ తెలియక, ఒకనాడు హఠాత్తుగ ఉత్తర్వు వచ్చుటయే అతనికి మిక్కిలి నష్టము. ఇరువదియేండ్ల ముందుగ లెక్క చెప్పువాడే అతనికి మిత్రుడు. ఆ లెక్క కట్టు సభలో అతని ప్రతినిధియు కూర్చుండవలెను.

మన సుప్రీముకోర్టు 2024 మార్చి 21న, బట్టమేకపిట్ట రక్షణకు, విద్యుత్తీగల మార్గమునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, శీతోష్ణమార్పు దుష్ఫలితములనుండి రక్షణ పొందుట రాజ్యాంగపు 14, 21 అధికరణముల క్రింద పౌరుల హక్కు అని నిర్ధారించినది. ఈ విషయమునకై సమగ్రమైన చట్టము దేశమున లేదనియు గుర్తించినది. హక్కును కోర్టు గుర్తించినది. దానిని నిలుపు సాధనమును శాసనసభ చేయవలసియున్నది.

కావున మా కోరిక యిది. పార్లమెంటు చట్టముచే స్వతంత్రమైన జాతీయ శీతోష్ణస్థితి సలహాసంఘము నొకదానిని ఏర్పరుపవలెను. అందు శాస్త్రజ్ఞులతోపాటు రైతులు, బెస్తలు, కార్మికులు, రాష్ట్రముల ప్రతినిధులు ఉండవలెను. నీరు, సేద్యము, ప్రజారోగ్యము రాష్ట్రముల చేతిలోని పనులు గదా. పొగను తగ్గించుట, మార్పును తట్టుకొనుట అను రెండింటిని ఆ సంఘమే చూడవలెను. 2070 వరకు అయిదేసి యేండ్ల మైలురాళ్లను అది సూచింపవలెను. ఏటేట దాని రిపోర్టు దేశభాషలన్నింట ప్రకటితమై, మూడు నెలలలో ప్రభుత్వ ప్రత్యుత్తరము సభల ముందుకు రావలెను. రాష్ట్రములును తమ కార్యప్రణాళికలను శాసనసభలలో ఏటేట చర్చింపవలెను. ఇందు అసాధ్యమైనది ఏదియు లేదు, అధికవ్యయమైనదియు లేదు.

చదువరులకు ఒక్క మనవి. ఓట్లకై మీ వాకిటికి వచ్చువారిని రోడ్డును గూర్చి, పింఛనును గూర్చి అడుగుదురు, అడుగవలసినదే. ఈసారి మరియొక ప్రశ్న చేర్చుడు: మా ఊరి ఎండకు, మా చెరువునకు, మా తీరమునకు మీకు సలహా చెప్పువారెవరు? ఆ సలహా మాకు వినబడునా? మీరు దానిని త్రోసివేసినచో కారణము చెప్పుదురా? పఠనమందిరములలో ఈ ప్రశ్న చర్చకు రానిండు. విదురుడు నాడును ఉండెను, నేడును ఉన్నాడు. నాడు ఆయన మాట రాజొక్కడే వినెను. నేడు రాజు ప్రజయే గనుక, ఆ మాట ప్రజకు వినబడవలెను. విని ఊరకుండినచో దోషము ఇక ధృతరాష్ట్రునిది కాదు, మనది.